లైఫ్ జాకెట్ తేలితేనే పడవ

సినిమాల్లో ఏ వస్తువు కావాలన్నా తయారుచేసి పెడతారు. కత్తి, ఏడువారాల నగలు, అంబారీతో సహా ఏనుగు, ఏదైనా సరే. ఫిల్మ్‌నగర్‌లో ఏళ్లుగా తిరుగుతున్న కో-డైరెక్టర్ భువనకు ఈ సంగతి తెలియక కాదు. అయినా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లకు "పడవ సీనుకు లైఫ్ జాకెట్లు కావాలి" అని చెప్పి ఊరుకుంది.

భీమిలి దగ్గర సముద్రంలో, తెరచాప పడవ మీద సీను. మర్నాడే ప్రయాణం. ఈలోగా అందరికీ నీళ్ల భయం పోగొడదామని జూబ్లీ హిల్స్‌లో నిర్మాతగారింటి స్విమ్మింగ్ పూల్ అడిగి తీసుకుంది. వచ్చిన జూనియర్ ఆర్టిస్టుల్లో బుచ్చమ్మ ఒకతె. యూసుఫ్‌గూడలో భువన ఉండే ఇంట్లోనే కింది వాటా ఆమెది. ఈత రాదు. సముద్రమనగానే రానంటే, భువనే బతిమాలి ఒప్పించింది.

"నువ్వున్నవ్ గద బిడ్డా, నాకేం ఫికర్!" అంది బుచ్చమ్మ, నారింజ రంగు జాకెట్ తొడుక్కుంటూ.

ఆ మాటకు భువనకు ఎందుకో గుబులు పుట్టింది. ముందు తనే ఒక జాకెట్ వేసుకుని లోతు వైపు దూకింది. పైకి తేల్చాల్సింది పోయి, జాకెట్ నీళ్లు పీల్చుకుని కిందికి లాగసాగింది. ఈత వచ్చు కాబట్టి సరిపోయింది. ఎలాగో గట్టు అందుకుని దగ్గుతూ పైకొచ్చి కుట్లు విప్పి చూస్తే, లోపల పరుపుల్లో పెట్టే స్పాంజి. జాకెట్‌కు వేలాడే విజిల్ ఊదితే కూత రాలేదు. చెక్కముక్కకు రంగు వేశారంతే.

ఆర్ట్ డైరెక్టర్ రఘునందన్ తెల్లబోయాడు. "సీనుకని చెప్పిన్రు కద మేడం. కెమెరాల మస్తు కనిపించాలని చేయించిన. నిజంగ నీళ్లల్లకు దిగుతరని నాకేం ఎరుక?"

భువన అతన్ని తిట్టలేదు; నిజంగా తేలేవి కావాలని తనే చెప్పలేదు. బుచ్చమ్మకు ఈ స్పాంజి చుట్టి సముద్రం మీదికి తీసుకెళ్లబోయింది.

డైరెక్టర్ శ్రీకృష్ణ వాచీ చూసుకున్నాడు. "ఒడ్డు కనబడుతూనే ఉంటుంది భువనా. ఒక్క షాట్. హీరో డేట్లు పోతే మళ్లీ దొరకవు. కానిచ్చేద్దాం."

"కానివ్వనండీ." ఆమె బట్టల్లోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. "పడవలో కెమెరా పక్కన మీరూ ఉంటారు కదా. మీ జాకెట్ వేసుకుని ఒక్కసారి ఇందులోకి దిగండి. మీరు తేలితే రేపే బయల్దేరదాం."

శ్రీకృష్ణకు ఈత రాదని యూనిట్ అంతటికీ తెలుసు. అయినా ఎవరూ నవ్వలేదు. అతను చేతిలో జాకెట్‌ను వేళ్లతో నొక్కి చూశాడు. నీళ్ల వంక చూశాడు. చివరికి ఫోన్ తీసి, ప్రయాణం ఆపమని మేనేజర్‌కు చెప్పాడు.

అసలైన జాకెట్లు విశాఖ నుంచి వచ్చేసరికి హీరో అలిగాడు, నిర్మాతగారు మొహం చిట్లించారు. భువన ఎవరినీ లెక్కచేయలేదు. వచ్చిన ప్రతి జాకెట్‌నూ తనే వేసుకుని, పూల్‌లో తేలి చూసింది. ఆ తర్వాతే మిగతావాళ్లను దింపింది. అందరికంటే ముందు దిగింది శ్రీకృష్ణే.

బుచ్చమ్మ వంతు ఆఖరున వచ్చింది. నీళ్ల మీద వెల్లకిలా పడుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఇడ్సకు బిడ్డా, గట్టిగ పట్టుకో!"

"నేనెప్పుడో వదిలేశాను పెద్దమ్మా."

బుచ్చమ్మ కళ్లు తెరిచింది. పక్కకు చూస్తే భువన గట్టు మీద నిలబడి ఉంది. నమ్మలేనట్టు కాసేపు అలాగే తేలి, విజిల్ నోట్లో పెట్టుకుని వీధంతా వినబడేలా ఊదింది.