వాటం తప్పిన నేల

నరసరావుపేటలో పురుగుమందుల కొట్టు నడిపే లక్ష్మీనరసయ్య, కారు కొన్న ఏడాదే ఇంటి కింద పార్కింగులో తెల్లటి టైల్స్ వేయించాడు. నెల తిరక్కముందే తెలిసింది, నీళ్ళు గేటు వైపు పోవడం లేదని. కారు కడిగినా, జల్లు కొట్టినా మెట్ల పక్కన మడుగు కట్టేది.

"తుడిస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకే?" అనేవాడాయన.

తుడిచేది ఆయన భార్య శ్యామల. వైపరుతో గేటు దాకా నెట్టిన నీళ్ళు ఆమె వెనకే మళ్ళీ వచ్చి మూలకు చేరేవి. రెండేళ్ళుగా ఇదే పని. యాభై దాటిన నడుము సాయంత్రానికి పట్టేసేది.

శ్రావణమాసంలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున, గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన పక్కింటి హజ్రా బీ ఆ మడుగులో జారిపడింది. "ఏం కాలేదులే వదినా" అంటూనే చెయ్యి గుండెకు అదుముకుని వెళ్ళింది. ఆస్పత్రిలో మణికట్టు చిట్లిందన్నారు, కట్టు కట్టి పంపారు.

ఆ మధ్యాహ్నం వాన వెలిసింది. శ్యామల నీళ్ళు తుడవలేదు. కొట్టులో అట్టపెట్టెల మీద రాసే మార్కర్ తీసుకుని మడుగు అంచు చుట్టూ గీత గీసింది. గంటకోసారి వచ్చి, నీరు తగ్గినంత మేర మళ్ళీ గీసింది. పొద్దు వాలేసరికి మెట్ల పక్కనున్న స్తంభం దగ్గర పళ్ళెమంత తడి మిగిలింది.

మర్నాడు, టైల్స్ వేసిన మేస్త్రి కృపాదానాన్ని పిలిపించింది. అతను మోకాలి మీద చెయ్యి ఆనించి కూర్చుని గీతలన్నీ చూశాడు.

"ఎవరు గీశారమ్మా?"

"నేనే."

అతను అన్నిటికన్నా లోపలి గీత మీద వేలు పెట్టాడు. "ఈ మూల తొందర్లో వేసేశానమ్మా. నీటి వాటం తప్పింది. నాదే తప్పు."

నాలుగు మాటలు అనాలనుకుంది గానీ శ్యామలకు ఓపిక లేకపోయింది. "ఇప్పుడేంది దారి?"

"మొత్తం లేపాలంటే చానా పని. ఈ పల్లంలో, స్తంభానికి కాస్త ఇవతల, నాలుగు పలకలు లేపి నీళ్ళు దిగేట్టు జాలీ పెడతా. గోడ కిందగా గొట్టం వేసి సందులో కాలవకి కలిపితే నీళ్ళు పోతాయి."

భర్తకు ఫోన్ చేసి చెప్పింది. "కొత్త టైల్స్ పగలగొట్టిస్తావా? నేనొచ్చేదాకా ఆగు" అన్నాడు.

"మీరొచ్చేసరికి పగిలి ఉంటాయి" అని పెట్టేసింది. "పని కానియ్ మేస్త్రీ."

రోజంతా కటింగ్ మిషన్ మోత, దుమ్ము. అదే రకం తెల్ల టైల్స్ ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. జాలీ చుట్టూ బూడిదరంగువి వేశాడు.

సిమెంటు ఆరాక లక్ష్మీనరసయ్య వచ్చి నిలబడ్డాడు. "మచ్చల్లా ఉన్నాయి" అన్నాడు. శ్యామల బకెట్టు నీళ్ళు కుమ్మరించింది. నీరు పరుచుకుని, మెల్లగా జాలీ వైపు తిరిగి, గుడగుడమని దిగిపోయింది. స్తంభం మొదట్లో మాత్రం చారెడు నీళ్ళు నిలిచిపోయాయి.

"ఆ కాస్త తుడుచుకోవాల్సిందేనమ్మా" అన్నాడు కృపాదానం నేల చూపులు చూస్తూ.

శ్యామల వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి లక్ష్మీనరసయ్యే వైపరు అందుకున్నాడు. నీళ్ళను జాలీ వైపు కాకుండా గోడ వైపు నెడుతున్నాడు. ఎటు నెట్టాలో చెప్పే ఓపిక ఆమెకు లేదు. చూస్తూ కూర్చుంది.