జానెడు లోతున గట్టి పొర

బందరు మిషన్ స్కూల్లో ఇరవై తొమ్మిదేళ్లు పంతులమ్మగా చేసిన రత్నం, యాభై ఎనిమిదిలో రిటైరై ఘంటసాల దగ్గర ఎకరం పొలం కొన్నప్పుడు ఊళ్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వరి కోతకు ముందు ఊరంతా చల్లే మినుములు ఆ చేలో చల్లనివ్వనప్పుడు మాత్రం అందరూ నోళ్లు నొక్కుకున్నారు.

పొలం అమ్మిన వెంకట్రామయ్యది పక్క చేనే. ఉండబట్టలేక గట్టు మీదికొచ్చాడు.

"ఏం వేద్దామనండీ పంతులమ్మగారూ?"

"సపోటా తోటండీ."

"వరి చేలో చెట్లా! మా నాన్న ఈ చేలోనే కొబ్బరి మొక్కలు వేసి చూశాడండీ. నాలుగేళ్లున్నాయి, మూరెడు పెరగలేదు."

"ఎందుకు పెరగలేదు?"

"ఈ నేల తత్వం అంతేనండీ."

ఆ మాట రత్నానికి రుచించలేదు. తరగతిలో ఏ పిల్లాడైనా అలాంటి జవాబు చెబితే కూర్చోనిచ్చేది కాదు.

మాఘమాసంలో మొక్కల గుంటలు తవ్వడానికి బుల్లెమ్మను పనికి పిలిచింది. బుల్లెమ్మకు ఈ చేలల్లో నాట్లు వెయ్యడం పదేళ్ల వయసు నుంచీ అలవాటు. ఆ రోజు చేను మధ్యలో ఒక గుంట, రెండు గట్లు కలిసే మూలన ఇంకో గుంట, జానెడు లోతున తవ్వింది. రేపటికి నేల నానుతుందని ఒక్కోదాంట్లో రెండేసి బిందెల నీళ్లు పోసి వెళ్లింది.

తెల్లారి చూస్తే మూల గుంటలో చుక్క నీరు లేదు. మధ్య గుంటలో మాత్రం ముఖం చూసుకోవచ్చు! మర్నాడూ అంతే.

"అదే నల్లమట్టి, అవే బిందెలు. మరి ఈ నీళ్లకేమొచ్చిందే బుల్లెమ్మా?"

"ఇంకో రోజు చూద్దామమ్మా."

మూడోనాడు నీళ్లు తోడించేసి, రత్నం గుంట ఒడ్డున చతికిలబడింది. విరిగిన గొడుగు కమ్మీ ఒకటి అడుగున గుచ్చి చూసింది. దిగలేదు. గట్టిగా నొక్కితే కమ్మీ వంగింది గానీ నేల లొంగలేదు. అదే మూల గుంటలో గుచ్చితే మెత్తగా దిగిపోయింది.

"గునపం వెయ్యి."

బుల్లెమ్మ నాలుగు పోట్లు పొడిచేసరికి నాలుగు వేళ్ల మందాన ఒక పలక ఊడొచ్చింది. దాని కింద మట్టి మళ్లీ పొలపొలగా ఉంది. రత్నం ఆ పలకను అటూ ఇటూ తిప్పి చూస్తుండగా వెంకట్రామయ్య కూడా వచ్చి వంగాడు.

"ఇదేం రాయండీ?"

బుల్లెమ్మ దాని అంచు విరిచి, ఉమ్మి తడిపి, వేళ్ల మధ్య నలిపింది. "రాయి కాదు బాబూ, మట్టే. దమ్ము చేలో దిగితే బురద కింద కాలికి గట్టిగా తగులుద్దే, అదే ఇది."

రత్నం కళ్లు పెద్దవయ్యాయి. ఏటేటా నీళ్లు పెట్టి, దున్ని, తొక్కించిన దమ్ముకు అడుగు మట్టి ఇలా బిగిసిపోయింది! నాగలి తిరగని మూలన పలక లేకపోవడం అందుకే.

"అది ఉంటేనే కదండీ మడిలో నీళ్లు నిలిచేది," అన్నాడు వెంకట్రామయ్య, కాస్త నొచ్చుకుని. "మా తాతలు చేసిపెట్టిన ఆస్తి అది."

"వరికి ఆస్తేనండీ. చెట్టుకది గచ్చు."

"అయితే మా నాన్న కొబ్బరి మొక్కలు గచ్చు మీద పెట్టాడన్నమాట," అని, ఆయన బుల్లెమ్మ చేతిలో గునపం తీసుకున్నాడు.

వేసవి పొడుగునా నలభై గుంటలు నడుం లోతుకు తవ్వారు. ప్రతిచోటా ఆ పలక పగలగొట్టి ఎండనిచ్చారు. తొలకరికి గుంటల మధ్య నేలంతా పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లి, పూతకొచ్చాక కలియదున్నారు. చుట్టూ మురుగు నీళ్లు పోయే బోదె తీశారు. చెరువుమట్టి, పశువులపెంట గుంటలకెత్తి, పై ఏడు సపోటా అంట్లు నాటారు.

మూడు చచ్చిపోయాయి. తక్కినవి చిగురేశాయి.

చచ్చిన ఒకదాన్ని వెంకట్రామయ్య పీకబోతే రత్నం ఆపింది. "వేరు ఎందాకా వెళ్లిందో చూడాలండీ." బుల్లెమ్మ పక్కనుంచి జాగ్రత్తగా తవ్వింది. వేరు పలక ఉండే లోతు దాటి, కింద మట్టిలోకి మూరెడు దిగింది. మొదలు దగ్గర బెరడు మాత్రం చెదలు తినేశాయి.

రత్నానికి మొక్క పోయినందుకు బాధ కంటే ఆ వేరును చూసిన సంబరమే ఎక్కువైంది. వెంకట్రామయ్య మటుకు గుంటలో మోకాళ్ల మీద కూర్చుని, పక్కనున్న పచ్చటి మొక్క మొదలు వేలితో గీకి చూస్తున్నాడు.

"చెదలు దీన్ని వదిలేసి దాన్నే ఎందుకు పట్టాయంటారు?"