వార్నీషు చక్రాలు

మా వారు చంద్రరావుగారు చెన్నపట్నం నుంచి జోడుగుర్రాల బండి తెప్పించారు. స్ప్రింగులట, మఖమలు మెత్తలట, మొహం చూసుకోవచ్చుననిపించే ఎర్రరంగట. అది మా రామచంద్రపురంలో దిగిన మూడు నెలల్లో ఇరుసుకి ఒకసారి, స్ప్రింగులకి రెండుసార్లు జబ్బు చేసింది. వైద్యుడేమో చెన్నపట్నంలో! బండి పాకలో పడుకుంటే, ఈయన దాని ఎదురుగా కుర్చీ వేసుకుని చుట్ట కాల్చేవారు.

వైశాఖంలో ఒక సాయంత్రం సామర్లకోట నుంచి కబురొచ్చింది. మా అమ్మకి అస్సలు బాగాలేదు, నన్ను ఒక్కసారి చూడాలంటోంది.

"గుర్రాల బండి ఉండగా బెంగెందుకే? తెల్లారి బయల్దేరితే పది గంటలకల్లా అక్కడుంటాం," అన్నారు. కబురు తెచ్చిన మనిషికీ అదే చెప్పి పంపారు.

మా వైపు ఎండల్లో దూరం పోవాలంటే ముందురోజు బండిని చెరువులోకి తోలి నిలబెడతారు. ఎండిన చక్రం కర్ర నీళ్ళు తాగి ఉబ్బి, చుట్టూ ఉన్న ఇనుప పట్టాను బిగించుకుంటుంది. పాలేరు కూడా ఎరిగిన సంగతి. మా బండివాడు రాముడు గుర్రాలు విప్పి బండిని చెరువు గట్టుకి తోసుకెళ్ళాడు. ఈయన పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తారు.

"ఒరేయ్! గేదెననుకున్నావేంట్రా, నీళ్ళల్లో దింపడానికి? వార్నీషు పోదూ!"

సంతలో ఎండుచేపలు అమ్ముకుని సామర్లకోట తిరిగిపోయే సత్తియ్య అక్కడే తన ఎద్దుబండిని నానబెట్టుకుంటున్నాడు. "రంగు పోతే మళ్ళీ ఏయించుకోవచ్చండి. పట్టా ఊడితే దారిలో దిగిపోవాలండి బాబుగారూ," అన్నాడు.

"నీ చేపల బండికీ దీనికీ సాపత్యమేంట్రా!" అని చక్రాలకి కొబ్బరినూనె పట్టించారు మహానుభావుడు.

తెల్లారి బయల్దేరాం. బిక్కవోలు దాటామో లేదో, ఎడమ చక్రం పట్టా జారిపోయి మాకంటే ముందు దొర్లుకుంటూ పోయింది. త్వరగా వెళ్ళాలన్న ధ్యాస దానికైనా ఉంది! బండి ఒక పక్కకి ఒరిగి, నేను వెళ్ళి తలుపుకి కొట్టుకున్నాను. ఈయన కిందికి దూకి ముందు రంగు గీసుకుపోయిందేమో చూశారు.

ఊళ్ళోంచి వచ్చిన కమ్మరి, ఇంత నాజూకు చక్రం తన వల్ల కాదని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. పది దాటింది. నడిచి పోదామన్నాను. "ఇంత బండిని రోడ్డు మీద వదిలేసా?" అన్నారు. పన్నెండైంది. ఏడ్చాను, తిట్టాను. ఆయన బండికి గొడుగు పట్టుకుని నిలబడ్డారు.

అప్పుడొచ్చాడు సత్తియ్య, ఎద్దులతో కబుర్లాడుకుంటూ.

"ఎక్కేయండమ్మగారూ, తట్టలు పక్కకి జరుపుతాను."

"ఎండుచేపల బండిలోనా? మన పరువేం కావాలే?" అన్నారు మా వారు.

"మీ పరువుకి మీరే కాపలా కాయండి," అని ఎక్కేశాను.

మేం చేరేసరికి మూడు దాటింది. వాకిట్లో జనం. అమ్మని అప్పటికే కింద పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టారు. రెండింటిదాకా ప్రాణం ఉందట.

పక్కింటి సంపూర్ణమ్మ నన్ను పట్టుకుని బావురుమంది. "పొద్దుటి నుంచీ నిన్నే అడిగిందే తల్లీ. గుర్రాల బండిలో వస్తోంది, ఇదిగో వచ్చేస్తోందని మేమే చెబుతూ వచ్చాం. గుర్రాల చప్పుడు వినాలని వీధి తలుపు కూడా వేయనివ్వలేదు."

చీర నిండా ఎండుచేపల వాసనతో అమ్మ పక్కన కూలబడ్డాను. ఆయన మీద అంత అసహ్యం ఎన్నడూ వేయలేదు.

పొద్దు వాలుతుండగా ఈయన ఒక గుర్రమెక్కి వచ్చారు. అరుగు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. "ఏమైందండీ అసలు?" అని ఎవరో అడిగారు. అంతే, చెన్నపట్నం దగ్గర్నుంచి మొదలుపెట్టారు. స్ప్రింగులు, మఖమలు, వార్నీషు. ఒక్కొక్కరే లేచి అరుగు మీదికి చేరారు. చివరికి దీపంలో నూనె పోస్తున్న సంపూర్ణమ్మ కూడా, గిన్నె నా చేతిలో పెట్టి, వినడానికి వెళ్ళింది.