యాన్ అవ్వ శవపేటిక

అంతర్యుద్ధంలో ఓడి షూజౌ నగరం వదిలి పారిపోతున్న జాతీయవాద సైన్యాన్ని కమ్యూనిస్టులు దారిలోనే చుట్టేశారు. మంచు ఎడతెగకుండా కురుస్తోంది. విమానాలు జారవిడిచే బియ్యం మూటల కోసం ఒకే సైన్యంలోని వాళ్ళు ఒకరినొకరు కాల్చుకుంటున్నారు. మూట దక్కించుకున్నవాడికి కూడా వండుకోవడానికి పుల్ల లేదు. ఊళ్ళలోని చెట్లు, తలుపులు, మంచాలు అన్నీ ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. అలాంటి ఒక ఊళ్ళో, యాన్ అవ్వ ఇంట్లో తలదాచుకున్నాడు జాతీయవాద సిపాయి ఛూ షెన్.

అవ్వకి మిగిలిన చెక్క ఒక్కటే, తన శవపేటిక. ఆ ప్రాంతంలో వయసు మళ్ళినవాళ్ళకి కొడుకులు ముందుగానే పెట్టె చేయించి ఇస్తారు. ఏటా ఒక పూత లక్క వేయించుకుని, పెళ్ళి చీర చూసుకున్నట్టు చూసుకుని మురిసిపోతారు ముసలివాళ్ళు. అవ్వ కొడుకు పెట్టె చేయించి ఇచ్చిన మరుసటి ఏడే అతణ్ణి బలవంతంగా సైన్యంలోకి ఈడ్చుకుపోయారు. ఆ తర్వాత అతని జాడ లేదు. సిపాయిల కంటపడకుండా పెట్టెకి అడ్డంగా మట్టిగోడ పెట్టుకుంది అవ్వ.

"మా అమ్మకి శవపేటిక ఉందవ్వా. నేనే చేయించా," అన్నాడు షెన్ ఒకరోజు, నీళ్ళు తెచ్చి పోస్తూ.

ఆ ఒక్క మాటకే అవ్వ కరిగిపోయింది. గోడలో ఒక మట్టి ఇటుక తీసి తన పెట్టె చూపించింది.

"చెయ్యి పెట్టి చూడు, ఎంత నున్నగా ఉందో! లోపల ఎండు చిలగడదుంప ముక్కలు దాచాను, నువ్వూ తిను. మీవాళ్ళకి మాత్రం చెప్పకు నాయనా. ఇది పోతే నన్ను చాపలో చుట్టి పాతేస్తారు."

"ఒట్టు అవ్వా, చెప్పను," అన్నాడు షెన్ ముక్క నములుతూనే.

ఆ మరునాడే ఒక కంచరగాడిద చచ్చింది. సార్జెంట్ పాన్ దాన్ని ఈడ్చుకొచ్చి వాకిట్లో పడేశాడు.

"ఒరేయ్, మాంసం ఉంది, మంట లేదు! కట్టె చూపించినవాడికి కార్జం మొత్తం ఇచ్చేస్తా!"

నిజం చెప్పుకోవాలంటే షెన్‌ని ఎవరూ కొట్టలేదు, ఎవరూ తుపాకీ గురిపెట్టలేదు. కార్జం అనగానే నోరూరింది, వేలు గోడవైపు లేచింది. అంతే.

గోడ కూలింది. అవ్వ పెట్టె మీద బోర్లా పడుకుంది. ఆమెని ఎత్తి పక్కన పెట్టి గొడ్డలి వేశారు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు, షెన్ వైపే చూస్తూ కూర్చుంది. షెన్ మాత్రం గోడకేసి తిరిగి కార్జం తిన్నాడు. తింటున్నంతసేపూ అది రుచిగానే ఉంది. ఆ సంగతి తల్చుకుంటే తన నోరంటేనే అతనికి రోత పుట్టేది.

కొన్నాళ్ళకి ఆ సైన్యమంతా చేతులెత్తేసింది. పట్టుబడ్డవాళ్ళలో చాలామందిని కమ్యూనిస్టులు తమలో కలిపేసుకున్నారు. షెన్‌కి టోపీ మారింది, రోజూ వేడివేడి రొట్టె దొరికింది. అతని దళం అదే ఊరికి తిరిగొచ్చినప్పుడు కళ్ళంలో సభ పెట్టారు. జనం తమ కష్టాలు చెప్పుకుని ఏడవాలి, సిపాయిలు విని పళ్ళు కొరకాలి. ఆ సభల పద్ధతే అది.

యాన్ అవ్వ లేచి నిలబడింది. పెట్టె సంగతి, ఒట్టేసి కూడా దాన్ని చూపించేసిన సిపాయి సంగతి చెప్పింది. జనం ఘొల్లుమన్నారు.

"చంపెయ్యాలి వాణ్ణి!" అని ఎవరో అరిచారు.

"చంపెయ్యాలి!" అని అందరితోపాటు షెన్ కూడా పిడికిలి ఎత్తి అరిచాడు. అరవకపోతే పక్కవాడు చూస్తాడని భయం.

దళం రాజకీయ బోధకుడు లువో ముందుకొచ్చాడు. "మాలో ఇప్పుడు అటునుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారవ్వా. వాడు కనిపిస్తే గుర్తుపడతావా?"

"ఎందుకు పట్టను?"

అవ్వ వరస వెంట నడిచింది. ఒక్కొక్క ముఖాన్నీ దగ్గరగా, తీరిగ్గా చూసింది. షెన్ దగ్గరికొచ్చి ఆగింది. ఆ చూపు తగలగానే అతని తల దానంతటదే వాలిపోయింది.

"వీళ్ళలో లేడు," అంది అవ్వ గట్టిగా, అందరికీ వినపడేలా.

షెన్‌కి ప్రాణం లేచొచ్చింది. బతికిపోయాననుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. తల ఇంకా కిందికి దిగింది.

అవ్వ అతని గడ్డం కింద వేలు పెట్టింది. ఈసారి ఆమె మాట అతనికి తప్ప ఎవరికీ వినపడలేదు.

"తల వంచుకోకు నాయనా, తెలిసిపోతుంది."

షెన్ తల ఎత్తాడు. ఎదురుగా చూడటానికి ఆమె ముఖం తప్ప మరేమీ లేదు.