మిషన్లో ఏం వేశారు మావయ్యా?

కోటిలింగం నా వాషింగ్ మిషను బాగుచెయ్యడానికి వరసగా నాలుగు రోజులు మా ఇంటికొచ్చాడు. నాలుగో రోజు వెళ్తూ వెళ్తూ నా బతుకుతెరువు కూడా స్కూటరు మీద పెట్టుకుపోయాడు. బందరులో ఎవరినడిగినా వాడు మంచోడంటారు. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

నాది బందరు పక్కనే ఉన్న చిలకలపూడి. ఆరో తరగతిలో బడి మానేసి మా నాన్న పక్కన కూర్చుని రోల్డుగోల్డు పని నేర్చుకున్నాను. అప్పట్నుంచీ చెవి బుట్టలే చేస్తున్నాను. బుట్ట అంచు చుట్టూ మిరియపు గింజంత మువ్వలు వేలాడతాయి. అన్నీ అతికాక బంగారు పూత పూసి, కుంకుడు రసంలో కడిగి, రంపపు పొట్టులో పొర్లించి ఆరబెట్టాలి. ఎండాకాలం ఫరవాలేదు. వానాకాలంలో ఆ పొట్టే చెమ్మగిల్లుతుంది. సందుల్లో తడి నిలిచిందంటే తెల్లారేసరికి నల్ల మచ్చ. మచ్చ పడ్డ బుట్టను ఎవరూ కొనరు.

తొంభై తొమ్మిదిలో, బదిలీ అయి వెళ్తున్న ఒక బ్యాంకు ఉద్యోగి దగ్గర పాత మిషను కొన్నాను. పెద్ద తొట్టి ఉతకడానికి, పక్కన చిన్న తొట్టి పిండడానికి. మా ఆవిడ నాగమల్లేశ్వరి చీర ఆ చిన్న తొట్టిలోంచి దాదాపు ఆరిపోయి రావడం చూడగానే నాకు తట్టింది. పూత పూసిన బుట్టల్ని పాత చేపల వల ముక్కలో మూటగట్టి అందులో వేసి తిప్పాను. రెండే నిమిషాలు. ఒక్క మచ్చ లేదు!

పూతలో ఏం కలుపుతామో సొంత తమ్ముడికి కూడా చెప్పుకోని ఊరు మాది. ఎదురు షెడ్డు శోభనాద్రికి ఇది తెలిస్తే ఇంకేమైనా ఉందా? తలుపేసుకుని తిప్పేవాణ్ణి. మువ్వలు అప్పుడప్పుడూ లెక్క తగ్గేవి. టంకం సరిగ్గా పెట్టలేదని నాగమల్లేశ్వరిని కేకలేసేవాణ్ణి.

శ్రావణమాసం వస్తోందనగా గుడివాడ ఫ్యాన్సీ షాపు ఇందిరాదేవి గారు పన్నెండు డజన్ల జతలు అడిగారు. "గురువారం సాయంత్రం ఆరింటికల్లా షాపులో ఉండాలండీ. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. మచ్చల్లేని సరుకైతే ఏడాదంతా మీ దగ్గరే తీసుకుంటాను. ఆలస్యమైతే మాత్రం శోభనాద్రి గారున్నారు" అన్నారు.

సోమవారం పొద్దున మిషను ఆగిపోయింది. మీట తిప్పితే గుంయ్ మంటుంది, చిన్న తొట్టి కదలదు. బయట ముసురు. లోపల పన్నెండు డజన్ల జతలు, పూతకి సిద్ధంగా.

కోనేరు సెంటర్ నుంచి కోటిలింగాన్ని పిలిపించి, బుట్టలన్నీ మంచం కిందికి తోశాను. వాడు తొట్టిలో తల పెట్టి వాసన చూశాడు.

"మిషన్లో ఏం వేశారు మావయ్యా?"

"బట్టలు. ఇంకేం వేస్తారు?"

"కుంకుడుకాయ వాసనొస్తోంది."

"మీ అత్తయ్య తలంటుకుంది."

"మిషన్లోనా?"

నాగమల్లేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. కోటిలింగం తొట్టిని చేత్తో తిప్పాడు. కాస్త పట్టినట్టు తిరిగింది.

"జేబుల్లో చిల్లర గానీ, పిన్నీసులు గానీ పడ్డాయా? తొట్టి ఎత్తి అడుగున చూస్తాను."

అడుగున పూత మరకలు కనిపిస్తాయేమోనని మిషనుకి అడ్డం నిలబడ్డాను. "నా జేబులో చిల్లరెక్కడిదయ్యా! తొట్టి ఎత్తొద్దు, సీళ్ళు పాడైపోతాయి. ఉన్నచోటే చూడు" అన్నాను.

వాడు నన్నొకసారి చూసి మూత దగ్గర స్విచ్చి మార్చాడు. తిరగలేదు. మంగళవారం కెపాసిటర్ మార్చాడు. గుంయ్ మనే శబ్దం పెరిగింది గానీ తొట్టి తిరగలేదు. "అయితే మోటారే" అని దాన్ని విప్పి పట్టుకెళ్ళాడు. ఆ రాత్రి ఆగలేక ఆరు డజన్లకు పూత పూసి పొట్టులో ఆరబెట్టాను. తెల్లారి చూస్తే నాలుగు డజన్లకు మచ్చలు. మళ్ళీ మెరుగు పెట్టాలి, మళ్ళీ పూత పూయాలి.

బుధవారం కోటిలింగం మోటారు తెచ్చి నా కళ్ళముందే గచ్చు మీద పెట్టి తిప్పాడు. గాలిపటం దారపు చుట్టలా తిరిగింది. మిషన్లో బిగించాడు. గుంయ్.

ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"విడిగా తిరుగుతుంది, పెడితే తిరగదు. నా సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదు మావయ్యా."

"అంటే విప్పకముందు కూడా మోటారు బాగానే ఉందా?"

"అదే నాకూ అర్థం కావడం లేదు."

నాకూ అర్థం కాలేదు. వాడు మోసం చేస్తున్నాడనుకుంటే, వాడి మొహం నా మొహంలాగే ఉంది.

గురువారం మధ్యాహ్నం రెండైంది. మచ్చలు తుడిచి మళ్ళీ పూసిన బుట్టలు తడిగా బేసిన్లలో ఉన్నాయి. గుడివాడ బస్సు మూడున్నరకి. కోటిలింగం మళ్ళీ మోటారు విప్పబోతుంటే నాగమల్లేశ్వరి వంటింట్లోంచి వచ్చి మధ్యలో నిలబడింది.

"చెప్పెయ్యండి."

"నువ్వు లోపలికి పో."

"నేను పోను. కోటిలింగం, అందులో మేము చెవి బుట్టలు ఆరబెడుతున్నాం. వలలో కట్టి."

నాకు నేల చీలిపోతే బాగుండుననిపించింది. కోటిలింగం తొట్టి ఎత్తి, అడుగున సందులోకి సైకిల్ పుల్ల దూర్చి తిప్పాడు. ఒక మువ్వ వచ్చింది. ఇంకోటి. మొత్తం పదకొండు. చివరిది తొట్టికీ మిషను గోడకీ మధ్య ఇరుక్కుని సగానికి నలిగిపోయి ఉంది. టంకం సరిగ్గా పెట్టలేదని నేను కేకలేసింది ఈ మువ్వల కోసమే. నాగమల్లేశ్వరి వాటిని అరచేతిలో పోసుకుని నా వంక చూసింది.

మీట తిప్పాడు. తొట్టి గిర్రున తిరిగింది.

"సోమవారం చెప్పుంటే పది నిమిషాల పని గదా మావయ్యా!"

"ఎంతివ్వమంటావు?"

"ఇవాళ్టికి డబ్బులొద్దులే." వాడు ఆ వల ముక్కను వేళ్ళతో సాగదీసి, కన్నాల్లోంచి వెలుతురు చూస్తున్నాడు. డబ్బులెందుకొద్దన్నాడో నాకు అర్థం కాలేదు. అడిగే తీరిక కూడా లేదు.

అన్నీ ఆరబెట్టి మూటగట్టేసరికి మూడున్నర బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు ఐదున్నరకి, గుడివాడ చేరేసరికి ఏడున్నర దాటింది. ఇందిరాదేవి గారి గాజు బల్ల మీద అప్పటికే బుట్టలు పరిచి ఉన్నాయి. "ఆరింటి దాకా చూసి శోభనాద్రి గారికి ఫోన్ చేశానండీ. ఆయన కారులో తెచ్చి ఇచ్చారు. ఏమనుకోకండి" అన్నారు. ఒక జత తీసి చూశాను. మచ్చలున్నాయి. సన్నవి. చెప్పలేదు. చెబితే ఏడుపుగొట్టు మాటలా ఉంటుంది.

వారం తిరక్కుండా ఎదురు షెడ్డులోంచి గిర్రుమని శబ్దం వచ్చింది. కోటిలింగం పాత మిషన్ల పిండే తొట్లు కొని, లోపల సన్నటి స్టీలు జాలీ బిగించి అమ్ముతున్నాడు. మువ్వ జారదట. శోభనాద్రి దగ్గర రెండున్నాయి. మా వీధిలో ఇప్పుడు తొమ్మిది తిరుగుతున్నాయి. వర్షంలో ఎవరి సరుకుకీ మచ్చ పడదు.

నేను ఎవరిని తిట్టాలో నాకే తెలియదు. అడిగితే చెప్పని నన్నా, చెప్పిన నా పెళ్ళాన్నా, విన్న వాణ్ణా? వాడే ముందు గుర్తొస్తాడు కాబట్టి వాణ్ణే తిడతాను. ఏడాదంతా రావలసిన బేరం లెక్క నాకు తేలదు. ఆ గురువారం తిరిగి మోసుకొచ్చిన మూట లెక్క మాత్రం తెలుసు. పన్నెండు డజన్లు, జత ఇరవై రెండు చొప్పున, మూడు వేల నూట అరవై ఎనిమిది రూపాయలు.