మూడో పిల్లకు పేరు

నా బిడ్డ పేరు రాయాల్సిన బియ్యంలో రాళ్లు నేనే ఏరుతున్నాను. పురుడై ఈ రోజుకు ఇరవై ఒక్క రోజులు. వంగితే కుట్లు లాగుతున్నాయి. అత్త జయలక్ష్మమ్మ చేట తెచ్చి నా ఒళ్లో పెట్టి, "ఊరికే కూర్చోనే కదా ఉండావు, ఇది చూడు" అని వెళ్లిపోయింది. నిజమే, కూర్చునే ఉన్నాను. మూడుసార్లు పొట్ట కోయించుకున్నా ఈ బూదికోట ఇంట్లో నేను ఊరికే కూర్చున్నదాన్నే.

పేరు ఆసుపత్రిలోనే ఖాయమైంది. ఆడపిల్ల అని నర్సు చెప్పగానే అత్త, "సాకమ్మ అని పెడదాం. ఇంగ ఆడబిడ్డ రాదు" అంది. కన్నడంలో సాకు అంటే చాలు. మా పక్క పల్లెల్లో వరసగా ఆడపిల్లలే పుడితే చివరిదానికి ఆ పేరు పెట్టి దేవుడికి చెప్పుకునేవాళ్లు. మా మామ ఆంజినప్పకు నలుగురు అక్కలు. నాలుగో ఆవిడ సాకమ్మ. ఆమె తర్వాత మామ పుట్టాడు. పేరు పనిచేసిందని ఈ ఇంట్లో అందరి నమ్మకం.

పనిచేసింది పేరు కాదు, సాకమ్మత్త. పెళ్లయిన మూడేళ్లకే మొగుడు పోతే ఈ ఇంటికే తిరిగొచ్చింది. ఆమె పోయేదాకా ఐదేళ్లు చూశాను. ఆవుల పాలు పితికి, పేడ తీసి, అందరికీ రాగిముద్ద పెట్టి ఆఖరున తను తినేది. ఎవరైనా ఇంకాస్త వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి "సాకు" అనేది. కడుపు నిండిందో లేదో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఒకసారి మాత్రం, "నన్ను పిలిచినప్పుడంతా నువ్వు వద్దు అన్నట్టే వినిపిస్తాది శశికళా" అంది. అప్పుడు నేను కొత్త కోడల్ని. అంట్లు తోముతూ ఊ అన్నాను.

నా మొగుడు గిరీశ్‌కు ఇవేవీ పట్టవు. రోజూ రైల్లో బెంగళూరు పోయి వచ్చే మనిషి. "వింటేజ్ పేరు శశీ! మా ఆఫీసులో ఒకాయన కూతురికి గౌరమ్మ అని పెట్టినాడు. అందరూ సూపర్ అంటా ఉండారు. అమ్మ మాటా నిలబడతాది" అన్నాడు. కేజీఎఫ్‌లో నేను పాఠాలు చెప్పే బడి నుంచి హెడ్మాస్టరు ఫోన్ చేసి, "మళ్లీ ఆడపిల్లేనా మిస్? అయితే ఇంకోసారి లీవు తప్పదు" అని నవ్వాడు. నాకు కోపం రావాలి. రాలేదు. కుట్ల చుట్టూ తిమ్మిరెక్కినట్టే లోపలంతా తిమ్మిరెక్కింది. ఏడవడానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా.

మధ్యాహ్నం అందరూ చేట చుట్టూ చేరారు. అత్త తన వేలి ఉంగరం తీసి నా చేతికిచ్చింది. "రాయమ్మా."

బియ్యంలో ఉంగరంతో సాకమ్మ అని రాశాను. రెండో తరగతి చదివే నా పెద్ద కూతురు మధుర నా భుజం మీదుగా తొంగి చూసి చదువుకుంది.

"పాపను రోజూ సాకు, సాకు అని పిలవాల్నా అమ్మా? పెద్దయినాక అది ఏడవదా?"

మామ తల వంచుకుని తువ్వాలు సర్దుకున్నాడు. ఊ అని ఊరుకోవడం నాకు అలవాటే. ఈసారి నోట్లోంచి ఊ రాలేదు. అరచేత్తో బియ్యం చదును చేశాను.

"అయ్యో, ఏం పని చేస్తివే! రాసిన పేరు చెరిపితే మళ్లా ఆడదే పుడతాది!" అత్త అరిచింది.

"ఇంగ ఎవురూ పుట్టరు అత్తా. సిజేరియన్ అప్పుడే పిల్లల ఆపరేషన్ కూడా చేసేయమని సంతకం పెట్టినా."

గిరీశ్ నోరు తెరిచాడు. నేను పాపను ఒళ్లోకి తీసుకున్నాను.

"సాకు అనే మాట బిడ్డెందుకు మొయ్యాల? అది నేనే డాక్టరుకు చెప్పొచ్చినా."