ముసురులో వీరవేణి కోపం

శ్రావణమాసం వచ్చిందంటే రాజమహేంద్రవరంలో పెళ్లిళ్లూ ముసురూ కలిసే వస్తాయి. పెళ్లిళ్లకి అప్పడాలు కావాలి, అప్పడాలకి ఎండ కావాలి. ఆ ఎండ మాత్రం రోజుల తరబడి మొహం చూపించదు. ఊళ్లో అప్పడాల వ్యాపారం చేసేవాళ్లంతా ఆ నెలలో ఆకాశాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే, కోరుకొండ రోడ్డులో అచ్చిబాబు ఒక్కడు మాత్రం నిశ్చింతగా ఆర్డర్లు ఒప్పుకునేవాడు. అతని భార్య వీరవేణికి కోపం వస్తే వేడి పుడుతుంది.

ఆవిడకి చిన్నప్పటినుంచీ అంతే. కోపం రాగానే ఆమె ఉన్న గదంతా పొడి వేడి పరుచుకుంటుంది. మంట ఉండదు, పొగ ఉండదు, తడిగా ఉన్నదల్లా ఆరిపోతుంది. పక్కింటి లోవలక్ష్మి వానాకాలం పిల్లల యూనిఫారాలు ఉతికి, పిండి, బకెట్లో వేసుకొచ్చి, "వేణక్కా, ఇవాళ నీకేమైనా కోపంగా ఉందా?" అని అడిగేది, కాస్త పెరుగు తోడు ఉందా అని అడిగినంత మామూలుగా. లేదంటే బకెట్టు అక్కడే పెట్టి వెళ్లేది. సాయంత్రంలోగా ఎలాగూ వస్తుందిగా అని ఆవిడ ధీమా.

అత్తగారు చిట్టెమ్మకైతే దీంట్లో చెయ్యి తిరిగిపోయింది. కూర బాగాలేదంటే రెండు చీరలు ఆరతాయి. పుట్టింటివాళ్ల మాట ఎత్తితే మిరపకాయలు గలగలలాడతాయి. అవసరాన్నిబట్టి మాట అనేది, పని అయిపోయాక "పోనీలే అమ్మాయ్, ఏదో నోరు జారాను" అనేది. నోరు జారడం కూడా కొలతప్రకారం జారేది. ఇంతమంది ఇన్నేళ్లుగా ఆ కోపం దగ్గర చలి కాచుకున్నారు గానీ, అసలు ఎందుకమ్మా నీకు కోపం అని అడిగిన మనిషి లేదు.

వీరవేణి బీఎస్సీ లెక్కలు చదివింది. పెళ్లయ్యాక కూడా దానవాయిపేటలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. కరోనాలో ఆ స్కూలు మూతపడింది. మళ్లీ తెరవలేదు. అప్పటినుంచీ ఆవిడ పని పిండి కొలవడం, ఒత్తే ఆడవాళ్లకి టీలు పెట్టడం, పాకెట్ల మీద లేబుళ్లు అంటించడం. 'శ్రీ వీరవేణి అప్పడాలు' అని తన పేరే ఉన్న లేబుళ్లు. పేరు పెట్టాను కదా, ఇంకేం కావాలి అని అచ్చిబాబు అందరి ముందూ అనేవాడు.

ఈ ఏడు ఆవిడకి ఒక దారి దొరికింది. ఇంటినుంచే కంప్యూటర్లో పిల్లలకి పాఠాలు చెప్పించే కంపెనీ ఒకటి లెక్కల టీచర్లు కావాలంది. పరీక్ష పెట్టారు, నెగ్గింది. ఇక ఒక నమూనా క్లాసు చెప్పి చూపిస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. ఫోన్లో చెబితే కుదరదు, కంప్యూటర్లోనే చెప్పాలి. మేడమీద గదిలో లేబుళ్లు వేసుకోవడానికి కొన్న కంప్యూటరు ఉండనే ఉంది. ఆ మాట విన్నరోజు వీరవేణి వంట చేస్తూ పాట పాడింది. ఆ రోజు ఇంట్లో తువ్వాలు కూడా ఆరలేదు.

అక్కడే అప్‌డేట్ వచ్చి పడింది. ఈ అప్‌డేట్లు కనిపెట్టినవాళ్లకి ఇంటికొచ్చిన చుట్టానికుండే పాటి మర్యాద కూడా తెలీదు. మన డబ్బుతో మనం కొనుక్కున్న పెట్టె. మనం అడగం, వాళ్లు మానరు. ఆపెయ్యకండి, పని జరుగుతోంది అని తెర వేసి, లోపల ఏం సర్దుతారో, ఏం పారేస్తారో చెప్పరు. తీరా తెరిచేసరికి నిన్నటిదాకా నడిచింది నడవదు. పరాయివాడెవడో మన వంటింట్లో దూరి, పోపుల పెట్టె అటకమీద పడేసి, పైగా 'మీ వంటిల్లు ఇప్పుడు మరింత బాగుంది' అని చీటీ అంటించి పోతే ఊరుకుంటామా? పెట్టె కంప్యూటరైతే మాత్రం ఊరుకోవాలట.

వానలు మొదలైన కొత్తల్లో ఒకసారి అలాగే అప్‌డేట్ అయ్యాక నెట్ రాలేదు. అప్పుడు కంప్యూటర్ల షాపునుంచి మెకానిక్ వచ్చి బాగు చేశాడు. అచ్చిబాబు వెనకాల నిలబడి, ఏం నొక్కుతున్నాడో, ఎక్కడ నొక్కుతున్నాడో ఓపిగ్గా అడిగి మరీ చూశాడు. ఆ రోజు వీరవేణి కోపానికి గదిలో అప్పడాలు ఎంత బాగా ఎండాయంటే, పెళ్లివారు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. ఎండలో పెడితే అప్పడం ఒక పక్క పెళుసెక్కి, ఒక పక్క మెత్తగా ఉంటుంది. అప్‌డేట్ మీద కోపం అలా కాదు, పొద్దుటినుంచి సాయంత్రందాకా సన్నగా, సమంగా సాగుతుంది.

తర్వాత నమూనా క్లాసు రోజు వచ్చింది. ముందురోజు సాయంత్రం అప్‌డేట్ అయింది. పొద్దున్న కంప్యూటరు లేచింది, నెట్ లేవలేదు. వీరవేణి దాన్ని ఒకసారి ఆపి మళ్లీ వేసింది, ఇంకోసారి ఆపి వేసింది. కింద వైఫై డబ్బాలో దీపాలన్నీ చక్కగా వెలుగుతున్నాయి, ఫోన్లలో నెట్ వస్తోంది. కంప్యూటర్లో మాత్రం లేదు. క్లాసు పోయింది. సాయంత్రం అచ్చిబాబు కాసేపు దాని ముందు కూర్చుని, "ఏదో నొక్కాను, వచ్చేసింది" అన్నాడు. కంపెనీ ఆవిడ పర్వాలేదు మేడమ్ అని ఇంకో తేదీ ఇచ్చింది. ఆ తేదీకీ అదే కథ. ఈసారి ఆవిడ గొంతు మారింది.

"ఇంట్లో కంప్యూటరే నడుపుకోలేనివాళ్లకి మేం పిల్లల్ని ఎలా అప్పగిస్తామండీ? శనివారం పదకొండింటికి ఆఖరి అవకాశం. తర్వాత నాకు ఫోన్ చెయ్యకండి" అంది.

లెక్కల టీచరుగా పదేళ్లు తలెత్తుకు బతికిన మనిషి, ఆ మాట పడాల్సి వచ్చింది. ఆ రాత్రి వీరవేణి కంచం ముందు కూర్చుంటే కంచంలో అన్నం బిరుసెక్కిపోయింది.

శనివారం వచ్చింది. శుక్రవారం సాయంత్రం మళ్లీ అప్‌డేట్ అయింది. అయ్యాక కూడా నెట్ వస్తోందని కళ్లారా చూసుకుని, దండం పెట్టుకుని మరీ పడుకుందావిడ. పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని మేడమీదకి వెళ్లింది. గదినిండా అచ్చిబాబు చేటలు పరిచి ఉంచాడు. మంచం మీద, బల్లమీద, కిటికీ గట్టుమీద, ఎక్కడ చూసినా చేటల్లో తడి అప్పడాలే. కుర్చీలో ఉన్న చేట తీసి కింద పెట్టి, కూర్చుని కంప్యూటరు వేసింది. నెట్ లేదు.

వేడి లేచింది. కిటికీ అద్దాలమీద వాన చెమ్మ చిటికెలో మాయమైంది. కింద చిట్టెమ్మ ఆ వేడి తగిలి, మిరపకాయల మూట విప్పమని పనిమనిషిని కేకేసింది. మెట్లమీద లోవలక్ష్మి బకెట్టు చప్పుడు వినబడింది. ఇంతకుముందైతే వీరవేణి మౌస్ పట్టుకుని రాత్రిదాకా కుమిలేది. ఈసారి ఫోన్ తీసి హెలెన్‌కి చేసింది. హెలెన్ అదే పాత స్కూల్లో కంప్యూటరు టీచరు, రెండు వీధుల అవతల ఉంటుంది. గొడుగేసుకుని పది నిమిషాల్లో వచ్చింది. గదిలో అడుగు పెట్టగానే ఆవిడ తడిసిన చీర అంచు ఆరిపోయింది. కాస్త ఫ్యాన్ వెయ్యండి అని కూర్చుంది.

హెలెన్ తొందరపడే మనిషి కాదు. ఫోన్లో నెట్ వస్తోందా అని చూసింది, వస్తోంది. అంటే లైనూ, డబ్బా బాగానే ఉన్నాయి. కంప్యూటరు లోపల వైఫై కార్డు ఉందా అని చూసింది, ఉంది, దానికేం రోగం లేదు. కంప్యూటర్నే అడిగింది, లోపం ఏమిటో కనుక్కోమని. అది కాసేపు గుండ్రంగా తిరిగి, ఏమీ దొరకలేదంది. అప్పుడు సర్వీసుల పేజీ తెరిచింది. కంప్యూటరు మొదలవగానే దానంతట అదే లేచి పనిలోకి దిగాల్సినవన్నీ అక్కడ ఉంటాయి. కిందికి జరుపుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది.

"వేణిగారూ, వైఫైని చూసుకునేది ఇదండి. దీన్ని డిసేబుల్ చేసి పెట్టారు. కంప్యూటరు లేచినా నువ్వు మాత్రం లేవద్దు అని చెప్పినట్టు."

"అప్‌డేట్ చేసిందా?"

"ఎప్పుడో ఒకసారి చేస్తే చేస్తుందేమో. ప్రతిసారీ వచ్చి ఈ ఒక్కదాన్నే పట్టుకుని ఆపదండి. రాత్రి వచ్చింది అంటున్నారు కదా. ఇది ఎవరో చేత్తో ఆపిందే."

హెలెన్ దాన్ని ఆటోమేటిక్‌కి మార్చి, స్టార్ట్ నొక్కింది. ఒక్క క్షణంలో నెట్ వచ్చింది. క్లాసుకి ఇంకా అరగంట ఉంది.

వీరవేణి తెరవైపు చూడలేదు. చేటలవైపు చూసింది. ఎండ లేని రోజున, కోపం ఇంకా రాని గదిలో, తెల్లారేసరికే ఇన్ని చేటలు ఎవరైనా ఎందుకు పరుస్తారు? క్రితంసారి కూడా అంతే. ఆవిడ గదిలోకి వచ్చేసరికే చేటలు సిద్ధంగా ఉన్నాయి. ఆ ముందుసారీ అంతే. లెక్క తేలిపోయింది.

అంతవరకూ గదిలో ఉన్న వేడి తగ్గడం మొదలైంది. తగ్గి, అక్కడితో ఆగలేదు. ఫ్యాన్ గాలి జిల్లుమంది. హెలెన్ మెల్లగా ఫ్యాన్ కట్టేసి, కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. కిటికీ అద్దాలమీద మళ్లీ చెమ్మ పట్టింది, ఈసారి లోపలివైపు. వీరవేణి మెట్లదగ్గరికి వెళ్లి భర్తని పిలిచింది. అచ్చిబాబు చేతులకి అంటిన మినప్పిండి తుడుచుకుంటూ నవ్వుమొహంతో వచ్చాడు.

"ఏమండీ, ఈ చేటలు ఎప్పుడు పరిచారు?"

"పొద్దున్నే. నువ్వింకా లేవలేదు."

"నాకు కోపం వస్తుందని మీకు పొద్దున్నే ఎలా తెలిసిందండీ?"

అచ్చిబాబు హెలెన్‌వైపు చూశాడు, తెరవైపు చూశాడు. అబద్ధం వెతుక్కున్నాడు, దొరకలేదు. దొరక్కపోయేసరికి అతనికే పౌరుషం వచ్చింది.

"నేనేం కొట్టానా, తిట్టానా? ఒక్క బటన్ నొక్కాను. పెళ్లి ఆర్డరు నెత్తిమీద ఉంది. నీకా ఉద్యోగం వచ్చి రోజూ నవ్వుకుంటూ కూర్చుంటే ఈ అప్పడాలు ఎవరు ఎండబెడతారే?"

ఎంత దర్జాగా అన్నాడో. ఆవిడ చదువు, ఆవిడ పడ్డ మాట, కంచం ముందు ఎండిపోయిన ఆ రాత్రి, అన్నీ అతనికి ఒక బటన్. ఆస్తి లేకపోయినా, జీతం లేకపోయినా, కోపం ఒక్కటైనా తన సొంతమని వీరవేణి ఇన్నాళ్లూ అనుకుంది. అది కూడా వీళ్లు పిండిలాగా, నూనెలాగా తెచ్చుకుని వాడుకున్న సరుకే. హెలెన్ భయంగా గోడవారకి జరిగింది. ఇప్పుడు ఆ గదిలో చేటలతో సహా అన్నీ మాడిపోతాయనుకుంది.

ఏదీ మాడలేదు. అద్దంమీద చెమ్మ బొట్లుబొట్లుగా జారింది. చేటల్లో సగం ఆరిన అప్పడాలు మళ్లీ మెత్తబడి అంచులు వేలాడేశాయి. అచ్చిబాబు నోట్లోంచి ఊపిరి పొగలా వచ్చింది. చికాకులకీ, విసుగులకీ పుట్టేదే ఆ వేడి. నిజంగా కోపం వస్తే ఆవిడ చల్లబడుతుందని ఆ రోజే అందరికీ తెలిసింది. ఆవిడకీ ఆ రోజే తెలిసింది.

"చేటలు కిందికి తీసుకెళ్లండి. నాకు క్లాసుంది" అంది వీరవేణి.

పదకొండింటికి క్లాసు చెప్పింది. భిన్నాలు చెప్పింది. ఒక్క మాట తడబడలేదు. అంత నెమ్మదిగా, అంత తేటగా చెప్పేవాళ్లని ఈ మధ్య చూడలేదని కంపెనీ ఆవిడ సాయంత్రమే ఫోన్ చేసి ఉద్యోగం ఇచ్చింది. వీరవేణి కంప్యూటరుకి పాస్‌వర్డ్ పెట్టుకుంది.

ఆ ఇంట్లో ఆ చలి పోలేదు. తోడుపెట్టిన పాలు తోడుకోలేదు. లోవలక్ష్మి వచ్చి, సంగతి విని, బకెట్టు తీసుకుని తలొంచుకు వెళ్లిపోయింది. చిట్టెమ్మ ఒకరోజు కూర బాగాలేదంది, మర్నాడు పుట్టింటివాళ్లని ఎత్తింది, ఆ మర్నాడు పైకి అనకూడని మాటలే అంది. మిరపకాయలకి బూజు పట్టింది. పెళ్లి ఆర్డరు తాడితోటలో ఇంకొకళ్లకి పోయింది.

పనిలో చేరిన వారం తర్వాత, సాయంత్రం క్లాసుకి వీరవేణి తెర ముందు కూర్చుని ఉండగా గుమ్మం దగ్గర అలికిడైంది. అచ్చిబాబు. గొంతు తగ్గించి, ఎప్పుడూ లేనంత మెత్తగా మాట్లాడాడు.

"వేణీ, నీకెందుకే అంత కోపం? చెప్పు, వింటాను."

పెళ్లయినప్పటినుంచీ ఆ ఇంట్లో ఎవరూ అడగని మాట. ఆవిడ గుండె కదిలింది. గదిలో చలి కొంచెం సడలింది కూడా. ఎక్కడినుంచి మొదలుపెట్టాలా అనుకుంటూ, చెప్పేద్దామనే కుర్చీలో వెనక్కి తిరిగింది.

అచ్చిబాబు గుమ్మంలో రెండు చేతులతో చేట పట్టుకుని, అది ఆవిడవైపు కాస్త వంచి నిలబడి ఉన్నాడు. చేటనిండా తడి అప్పడాలు.

వీరవేణి చేటని చూసింది, అతన్ని చూసింది.

"క్లాసుకి టైమైందండి. వెళ్తూ తలుపు దగ్గరగా వేసి వెళ్లండి" అని తెరవైపు తిరిగింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గుడ్ ఈవెనింగ్ మేడమ్ అంటున్నారు.